యజమాని గింజలే, యజమాని గుర్రాలకే: 1851 నాటి ఒక పాలేరు దొంగతనం కేసు

ఇంగ్లండ్‌లో పాత రికార్డులు తిరగేసి కుటుంబ చరిత్రలు రాసిపెట్టడం నా వృత్తి. పంతొమ్మిదో శతాబ్దపు పల్లెల్లోకి వెళ్లిన ప్రతిసారీ చిల్లర దొంగతనాలు ఎదురవుతూనే ఉంటాయి. నాలుగు టర్నిప్‌లు, మోపెడు కట్టెలు, ఒక కోడి, సంచిలో సగం గింజలు. వీటిని చదవబోయే ముందే మన దగ్గర రెండు కథలు తయారుగా ఉంటాయి. ఒకటి, మనిషి దొంగ. రెండోది, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక తీశాడు. ఈ కేసు ఆ రెండింటిలో దేనికీ లొంగలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. పేర్లు, ఊరు, కౌంటీ తీసేశాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. చట్టాలు, తీర్పులు, ధరలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

కేసు జరిగింది తూర్పు ఇంగ్లండ్‌లో, గోధుమ, బార్లీ పండే నేలలో. 1850-51లో దేశమంతా తిరిగి వ్యవసాయం ఎలా ఉందో రాసిన జేమ్స్ కైర్డ్ లెక్క ప్రకారం, ఉత్తరాది కౌంటీల్లో వ్యవసాయ కూలీకి వారానికి సగటున 11 షిల్లింగ్‌ల 6 పెన్నీలు, దక్షిణాది కౌంటీల్లో 8 షిల్లింగ్‌ల 5 పెన్నీలు (12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగ్‌లు ఒక పౌండు). ఉత్తరాన గనులు, మిల్లులు మనుషుల కోసం పోటీ పడేవి కాబట్టి అక్కడి రైతు కూలి పెంచక తప్పేది కాదు. బొగ్గు లేని ఇటువైపు ఆ పోటీ లేదు.

ఆ కూలితో ఇల్లు గడవదు. పైన దొరికే చిన్న చిన్నవాటితో కలిపితేనే గడిచేది. కోతల్లో బీరు, కంచెల వెంట ఎండు పుల్లలు, కోత అయ్యాక ఆడవాళ్లూ పిల్లలూ ఏరుకునే పరిగె. వీటిలో ఏది హక్కు, ఏది దయ, ఏది దొంగతనం అన్నది ఊరికో రకంగా ఉండేది. పరిగె విషయమే తీసుకోండి. సఫోక్‌లోని టిమ్‌వర్త్ అనే ఊరి నుంచి వచ్చిన వివాదంలో 1788లోనే లండన్ కోర్టు తేల్చేసింది, పరిగె ఏరుకోవడం ఎవరి హక్కూ కాదని. అయినా ఆ తర్వాత కొన్ని తరాల పాటు ఎన్నో ఊళ్లలో చర్చి గంట మోగగానే ఆడవాళ్లు చేలల్లోకి దిగుతూనే ఉన్నారు. ఉమ్మడి బీళ్లకు కంచెలు పడిన చోట మాత్రం పుల్లలు ఏరుకోవడం కూడా కోర్టుకెక్కింది. కోర్టు మాట ఒకటి, ఊరి అలవాటు ఇంకొకటి అయినప్పుడు మధ్యలో నలిగింది కూలీయే.

చట్టం సంగతి కొంచెం ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే ఈ కేసు తాళంచెవి అక్కడే ఉంది. 1827 దాకా 12 పెన్నీల విలువ గీతగా పెట్టుకుని చిన్న దొంగతనం, పెద్ద దొంగతనం అని విడదీసేవారు. ఆ ఏడాది వచ్చిన చట్టం గీతను చెరిపేసింది. అదే చట్టం పొలంలో పెరుగుతున్న దుంపలను పీకితే మేజిస్ట్రేట్ దగ్గర చిన్న శిక్షతో తేల్చేయమంది. అదే దుంప పీకి కుప్ప పోసి ఉంటే మాత్రం తీసుకెళ్లినవాడిది లార్సెనీ, అంటే అసలైన దొంగతనం. నేలకు అంటుకుని ఉన్నది దొంగతనానికి గురయ్యే వస్తువు కాదన్నది ఇంగ్లిష్ న్యాయంలో పాత సూత్రం. (1860 నాటి మన ఐపీసీ దీన్ని సగం తీసుకుని సగం సరిదిద్దింది. నేల నుంచి వేరుచేసే పనే దొంగతనం కావచ్చని 378వ సెక్షన్ వివరణలో రాసుకుంది.) మన కేసుకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పనివాడు తన యజమాని సొత్తే దొంగిలిస్తే అది మామూలు దొంగతనం కంటే పెద్ద నేరం. 14 ఏళ్ల దాకా ద్వీపాంతరం వేయొచ్చు.

వచ్చిన సమస్య

క్లయింట్ రిటైరైన టీచర్. తమ్ముడితో కలిసి కుటుంబ పుస్తకం వేసుకోవాలని ఆవిడ ఆశ. 1851 మార్చి 30 రాత్రి తీసిన జనాభా లెక్కల్లో ఆవిడ ముత్తాత తండ్రి ఇంట్లో లేడు. భార్యే ఇంటి పెద్దగా ఉంది, చిన్న పిల్లలున్నారు. ఆయన కౌంటీ జైలు లెక్కలో కనిపించాడు. నేషనల్ ఆర్కైవ్స్‌లోని హోం ఆఫీసు నేర రిజిస్టర్ ఆవిడ తనే చూసుకుంది. 1851 జనవరిలో జరిగిన ఎపిఫనీ క్వార్టర్ సెషన్స్ (మూడు నెలలకోసారి కూర్చునే కౌంటీ కోర్టు), పనివాడిగా దొంగతనం, మూడు నెలల కఠిన శిక్ష. అంతే ఉంది.

ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట వేరు. పిల్లలకు తిండి లేక రొట్టె కోసం తీశాడని, రెండుసార్లు జైలుకు వెళ్లాడని. తమ్ముడు దానికి ఇంకొకటి చేర్చాడు, కుందేళ్లు వేటాడేవాడని. ఆవిడకు కావలసింది ఒక్కటే. పుస్తకంలో ఏం రాయాలి? అక్కా తమ్ముళ్ల మధ్య అప్పటికే దీని మీద కొంత టెన్షన్ ఉంది. తమ్ముడు రొట్టె కథ రాయాలంటాడు. ఆవిడ రుజువు లేనిదే రాయనంటుంది.

ప్రయత్నించినవి, పనికిరానివి

వేట సంగతి తొందరగానే తేలిపోయింది. అడవిలో తిరిగే కుందేలు ఎవరి ఆస్తీ కాదు, కాబట్టి దాన్ని పట్టుకోవడం చట్టం దృష్టిలో దొంగతనం కాదు. దానికి వేట చట్టాలు వేరే ఉన్నాయి. 1828 నాటి రాత్రి వేట చట్టం కింద మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, మూడోసారికి ద్వీపాంతరం. రిజిస్టర్‌లో 'పనివాడిగా దొంగతనం' అని ఉందంటే ఆ కేసులో కుందేలుకు చోటే లేదు. ఆ కౌంటీలో వేట నేరాల రికార్డుల్లోనూ ఆయన పేరు లేదు.

ఆకలి కథను మాత్రం అంత తేలిగ్గా తోసేయకూడదు. ఎన్నో కేసుల్లో అది నిజం. అందుకే దాన్ని నిలబెట్టగలనా అనే చూశాను. మొదట ధరలు. 1851లో గోధుమ క్వార్టర్‌కు (ఎనిమిది బుషెళ్లు, దాదాపు 290 లీటర్ల కొలత) సగటున 38 షిల్లింగ్‌ల 6 పెన్నీలు, ఆ కాలానికి బాగా తక్కువ. 1855లో, క్రిమియా యుద్ధం రోజుల్లో, అదే 74 షిల్లింగ్‌ల 8 పెన్నీలు. అంటే ఈ దొంగతనం రొట్టె చవకగా ఉన్న చలికాలంలో జరిగింది. దీనికి ఎదురువాదన ఉంది, అదీ బలమైనదే. ధాన్యం ధర పడితే రైతులు కూలి కూడా కోసేవారు, చలికాలంలో చాలామందికి పనే ఉండేది కాదు. కానీ ఈయన రోజు కూలీ కాదు. గుర్రాలను చూసే మనిషి. చలికాలమంతా పని ఉండేది, మామూలు కూలీ కంటే కొంచెం ఎక్కువ ఇచ్చేవారు. ఇంట్లో ఇబ్బంది లేదని దీని అర్థం కాదు. ధరల పట్టికతో ఈ మనిషి ఆకలిని రుజువు చేయలేం, కాదనీ అనలేం. నేను అక్కడితో ఆ దారి ఆపాను. అంతకంటే ముందుకు వెళ్తే కాలం గురించి చెప్పగలిగినదాన్ని మనిషికి అంటగట్టినట్టే.

తర్వాత వార్తాపత్రికలు. క్వార్టర్ సెషన్స్ వార్తలను స్థానిక పత్రికలు శ్రద్ధగా వేసేవి కాబట్టి ఆశ పెట్టుకున్నాను. యజమాని ఓట్స్ దొంగిలించినందుకు మూడు నెలలు అని ఒక్క వాక్యం దొరికింది. రొట్టె కాదు, గోధుమ కాదు, ఓట్స్. నన్ను ఆపింది ఆ మాటే. ఇంగ్లండ్‌లోని ఆ మూలలో ఓట్స్ ముఖ్యంగా గుర్రాల దాణా. పిల్లల ఆకలి తీర్చాలనుకునేవాడు గోధుమో బార్లీయో తీస్తాడు. అమ్ముకోవడానికి తీశాడా మరి? గుర్రాలవాళ్ల మీద ఆ అనుమానం ఎప్పుడూ ఉండేది. సారాకొట్టువాడికో బండివాడికో అమ్మే వీలుంది. అందుకని ఇక క్లయింట్‌కు నచ్చే జవాబు కోసమో నచ్చని జవాబు కోసమో కాకుండా ఒక్క ప్రశ్న పట్టుకున్నాను. ఆ గింజలు దొరికిన చోటు ఏది?

పనికొచ్చినది

క్వార్టర్ సెషన్స్ కాగితాల కట్టల్లో వాంగ్మూలాలు అన్నిసార్లూ మిగలవు. ఈసారి మిగిలాయి. రైతు మాట, పొలం పనులు చూసే బెయిలిఫ్ మాట, కానిస్టేబుల్ మాట, చివర్లో ముద్దాయి చెప్పుకున్న నాలుగు ముక్కలు.

ఆ చివరి ముక్కలకు నేను చాలా విలువ ఇస్తాను. కారణం చెప్తాను. ఇంగ్లండ్‌లో 1898 దాకా ముద్దాయి తన కేసులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే వీలు సాధారణంగా లేదు. కూలీకి లాయర్‌ను పెట్టుకునే స్తోమత ఉండదు. మేజిస్ట్రేట్ ముందు అడిగినప్పుడు, ఏం చెప్పినా రాసుకుంటామని హెచ్చరించాక, చెప్పిన ఆ కొద్ది మాటలే చాలా కేసుల్లో ఆ మనిషి నోటి నుంచి మనకు మిగిలేవి. 1848 చట్టం తర్వాత ఇవి ఒక పద్ధతిగా రాశారు.

రైతు చెప్పింది ఇది. ఓట్స్ గాదెకు తాళం ఉంటుంది. గుర్రాలకు వారానికి ఇంతని కొలిచి ఇస్తారు. గత మైకేల్మస్ నుంచి, అంటే సెప్టెంబరు చివరి నుంచి, ఆ కొలత తగ్గించాడు. రాశి తరుగుతోందని అనుమానం వచ్చి పైన గుర్తు పెట్టించాడు. బెయిలిఫ్ చెప్పింది, గుర్తు చెదిరిందని, వెతికితే గుర్రాల కొట్టంలోనే, మేత పొట్టు పోసుకునే పెట్టె అడుగున సంచి దొరికిందని, అందులో బుషెల్ (దాదాపు 36 లీటర్లు) కంటే తక్కువ ఓట్స్ ఉన్నాయని. కానిస్టేబుల్ ఇల్లు సోదా చేశాడు. గింజ లేదు, ఖాళీ సంచి లేదు, పంది లేదు, కోడి లేదు. పందిని, కోడిని వెతకడం వెనక కారణం ఉంది. తమ గింజలే వాటికి పెడతారన్న అనుమానంతో కూలీలు పందులు, కోళ్లు పెంచడం చాలామంది రైతులకు గిట్టేది కాదు.

ముద్దాయి చెప్పింది: గుర్రాల కోసమే తీశాను, ఇంటికి ఒక్క గింజ తీసుకెళ్లలేదు.

అయినా శిక్ష పడింది. ఇది చదివిన క్లయింట్ మొదట నమ్మలేదు. జ్యూరీ ఆయన మాట నమ్మలేదన్నమాట అని అడిగింది. ఇక్కడే తొందరపడకూడదు. నమ్మినా శిక్ష పడేది. 1816లో సరిగ్గా ఇలాంటి కేసే జడ్జీల ముందుకు వచ్చింది. పనివాళ్లు యజమాని చిక్కుడు గింజలు తీసి యజమాని గుర్రాలకే పెట్టారు. అది దొంగతనమే అన్నారు జడ్జీలు. సొంత లాభం ఏముందని అడిగితే, కొందరు జడ్జీలు ఒక జవాబు చెప్పారు. గుర్రాలు పుష్టిగా ఉంటే పనివాడి కష్టం తగ్గుతుంది, ఆ సుఖమే లాభం అని. 1846లో ఓట్స్ కేసు మళ్లీ వచ్చింది. అప్పటికి ఉన్న తీర్పులు తమను కట్టేస్తున్నాయని ఎక్కువమంది జడ్జీలు భావించి శిక్షను నిలబెట్టారు. అంటే 1851లో ఈ మనిషి కోర్టులో నిలబడి 'గుర్రాల కోసమే' అన్నప్పుడు, అది తప్పించుకునే మాట కాదు. చట్టం ప్రకారం అది నేరం ఒప్పుకున్నట్టే.

ఆ మాట నిజమో కాదో మాత్రం వేరే ప్రశ్న. ప్రతి గుర్రాల పాలేరూ చెప్పగలిగిన సాకు అది. నేను తూచిన విధానం ఇది. సంచి కొట్టం దాటలేదు. కొన్నవాడు ఎవడూ సాక్ష్యానికి రాలేదు, డబ్బు ప్రస్తావన లేదు. ఇంట్లో గింజ తినే జంతువు లేదు. అన్నిటికంటే బరువైనది, దాణా కోశానని రైతే తన నోటితో చెప్పడం. దున్నకం జోరుగా సాగే రోజుల్లో కొలత తగ్గించాడు. ఆ ప్రాంతంలో గుర్రాలవాళ్లు తెల్లవారుజామున ఎవరూ లేవకముందే లేచి మేత వేసేవాళ్లు. జత గుర్రాల ఒంటి నిగనిగే వాళ్ల పరువు. పక్క పొలంవాడి గుర్రాల ముందు తన గుర్రాలు బక్కచిక్కి కనపడటం వాళ్లకు అవమానం. దానికి తోడు 1861 జనాభా లెక్కల్లో ఈయన పక్క ఊళ్లో మళ్లీ గుర్రాలు చూసే పనిలోనే ఉన్నాడు. గింజలు అమ్ముకునేవాడని పేరు పడితే గాదె దగ్గరికి రానిచ్చే ఆసామి దొరకడం కష్టం. ఇది రుజువు కాదు, కానీ తూకం ఒకవైపు మొగ్గుతోంది. నివేదికలో 'బలంగా సంభవం' అని రాశాను, 'ఖాయం' అనలేదు.

రైతు పక్కన కూడా నిలబడి చూడాలి. కార్న్ లాస్ (దిగుమతి ధాన్యం మీద సుంకం వేసిన చట్టాలు) రద్దయ్యాక ధాన్యం ధరలు పడిపోయి కౌలు కట్టడానికే కిందా మీదా పడుతున్న రోజులవి. కొలత మించి గింజ పెడితే గుర్రానికి కడుపునొప్పి వచ్చి చచ్చిపోయే ప్రమాదమూ ఉంది. తాళం వేసిన గాదెలోంచి చెప్పకుండా తీస్తే ఆయనకు కోపం రావడంలో తప్పేమీ లేదు. నాకు అన్యాయంగా కనిపించేది ఆ కోపం కాదు. మాటతోనో, పనిలోంచి తీసేయడంతోనో తేలిపోయే తగాదాను ద్వీపాంతరం దాకా వెళ్లగలిగే నేరంగా మార్చిన చట్టం.

రెండో కేసు

రెండుసార్లు జైలుకు వెళ్లాడన్న మాట మిగిలింది. హోం ఆఫీసు రిజిస్టర్‌లో రెండో కేసు లేదు, జైలు పుస్తకాల్లోనూ లేదు. లేదు కాబట్టి జరగలేదు అనుకోవడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. ఆ రిజిస్టర్ పెద్ద కోర్టులకు వెళ్లిన కేసులకే. 1847 నుంచి చిన్న పిల్లల దొంగతనాలు, 1855 నుంచి 5 షిల్లింగ్‌ల లోపు మామూలు దొంగతనాలు, ముద్దాయి అక్కడే విచారణకు ఒప్పుకుంటే స్థానిక మేజిస్ట్రేట్ల దగ్గరే తేలిపోయే ఏర్పాటు వచ్చింది. పనివాడి దొంగతనమైతే నేరం అంగీకరిస్తేనే అక్కడ తేలేది. అక్కడి పుస్తకాలు ఆ కాలానికి చాలా చోట్ల మిగల్లేదు. కానీ మేజిస్ట్రేట్లు వేసిన శిక్షల పత్రాలు క్వార్టర్ సెషన్స్‌కు పంపాలి. ఎవరూ ముట్టుకోని ఆ కట్టల్లో వెతికితే 1864లో ఈయన పేరు దొరికింది.

పత్రంలో నేరం పేరు దొంగతనం కాదు. విక్టోరియా రాణి పాలన 26, 27 సంవత్సరాల చట్టం, 103వ అధ్యాయం అని ఉంది. అది 1863 చట్టం. యజమాని జంతువులకు పెట్టడానికి యజమాని ఆజ్ఞకు విరుద్ధంగా యజమాని గింజలు తీసిన పనివాడిది ఇకపై ఫెలనీ, అంటే పెద్ద నేరం, కాదని, మేజిస్ట్రేట్ దగ్గర మూడు నెలల దాకా జైలు లేదా 5 పౌండ్ల దాకా జరిమానాతో సరిపెట్టాలని ఆ చట్టం చెప్పింది. ఈయనకు జరిమానా పడింది, కట్టాడు. జైలుకు వెళ్లలేదు.

పదమూడేళ్ల తేడాతో అదే మనిషి, అదే పని. మొదటిసారి పనివాడి దొంగతనం, మూడు నెలల కఠిన శిక్ష. రెండోసారి జరిమానా. మారింది చట్టం. ఇంకో సంగతి గమనించండి. 1863 చట్టం వర్తించాలంటే గింజలు యజమాని జంతువులకే అని మేజిస్ట్రేట్లు ఒప్పుకోవాలి. కాబట్టి రెండో కేసులో ఆయన ఉద్దేశం కాగితం మీద ఖాయమైనట్టే. అది మొదటి కేసు మీద కూడా వెలుగు వేస్తుంది. ఈ పత్రం చూశాకే 1851 గురించి నా అంచనా గట్టిపడింది.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్న పద్ధతి

ఇప్పుడు ఇలాంటి కేసు చేతికొస్తే ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నను చివరికి నెట్టేస్తాను. ముందు నేరం ఏ చట్టం కింద పెట్టారో చూస్తాను. వస్తువు నేలలో పెరుగుతోందా, కోసి ఉందా, ఎవరిది, విలువ 5 షిల్లింగ్‌లు దాటిందా, ఏ సంవత్సరం. వీటికి జవాబులు తెలిస్తే ఏ కట్ట తెరవాలో దానంతటదే తెలుస్తుంది. తర్వాత వస్తువు ఎక్కడ దొరికిందో చూస్తాను. కోర్టులో ముద్దాయి మాట వినపడని కాలంలో వస్తువు దొరికిన చోటే అతని తరఫున మాట్లాడుతుంది.

ఇంకొక జాగ్రత్త. పేదల దొంగతనాలన్నిటినీ అన్యాయం మీద తిరుగుబాటుగా చూపించే ధోరణి చరిత్ర రాసేవాళ్లలో కొందరికి ఉంది. కంచెలు పడిన బీళ్ల విషయంలోనూ, వేట చట్టాల విషయంలోనూ ఆ చూపు చాలా నేర్పింది. కానీ ఆ వాంగ్మూలాల కట్టల్లోనే కూలీల పెరట్లోంచి పోయిన బంగాళాదుంపలు, తీగ మీద ఆరేసిన పక్కింటి చొక్కా, విధవరాలి కోడి కూడా ఉంటాయి. వాళ్లకూ న్యాయం కావలసిందే. పేదవాడి సొమ్ము పేదవాడే ఎత్తుకెళ్లిన కేసులను పక్కన పెట్టేస్తే ఆ పల్లె సగమే కనిపిస్తుంది.

నివేదిక ఇచ్చాక తమ్ముడికి కొంత నిరాశ కలిగింది. రొట్టె కథను తీసేయమని నేను చెప్పలేదు. 1840ల తర్వాత ఆ ప్రాంతపు ఇళ్లలో ఆకలి ఎరగని కుటుంబం తక్కువ, ఆ జ్ఞాపకం ఇంకో తరం నుంచి వచ్చి ఈయన పేరుకు అతుక్కుని ఉండొచ్చు. చివరికి అక్కా తమ్ముళ్లు పుస్తకంలో 1851 వాంగ్మూలం, 1864 పత్రం పక్కపక్కన అచ్చు వేసుకుని, కింద 'ఇంట్లో చెప్పుకునే మాట' అని రొట్టె కథ కూడా పెట్టుకున్నారు. ఆ రైతు కుటుంబం లెక్కల పుస్తకాలు కౌంటీ రికార్డు ఆఫీసులో ఉన్నాయి, ఇంకా జాబితా కాలేదు. 1850 మైకేల్మస్‌కు ముందు గుర్రాలకు వారానికి ఎన్ని బుషెళ్లు కొలిచేవారో, తర్వాత ఎంతకు తగ్గించారో అందులో ఉండాలి. జాబితా పూర్తయితే కబురు చేయమని ఆఫీసుకు రాసిపెట్టాం.